సంగీతం లేని కౌబాయ్ సినిమా

మా మావయ్య పోయిన వారానికి, ఆ సంగతి తెలియని మా అమ్మను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్లి, ఒక పాత కౌబాయ్ సినిమా చూశాను. ఇలా చెబితే ఎంత అన్యాయంగా వినిపిస్తుందో నాకు తెలుసు. కానీ జరిగింది అదే.

మావయ్య అంటే అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. శనివారం పొద్దున ఏలూరులో స్నానానికి వెళ్లి కుప్పకూలాడు. హాస్పిటల్‌కి చేర్చేలోపే అయిపోయింది. అన్నయ్య నాకు ఫోన్ చేసి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, అప్పుడు గొంతు సర్దుకుని అసలు మాట చెప్పాడు. అమ్మకు చెప్పొద్దు. వచ్చే గురువారం కాక పై గురువారం అమ్మకు గుండె ఆపరేషన్ ఉంది, వాల్వు మార్చాలి. ఆ తారీఖు కోసం ఇక్కడ న్యూజిలాండ్‌లో, హామిల్టన్ ఆసుపత్రిలో ఎన్ని నెలలుగా ఎదురుచూశామో అన్నయ్యకూ తెలుసు. బీపీ పెరిగితే వాయిదా వేస్తారు, లేదా అంతకంటే ఘోరమే జరగొచ్చు. ఆపరేషన్ అయ్యాక, కాస్త కోలుకున్నాక, మెల్లగా చెబుదాం అన్నాడు. అమ్మకు పట్టాల్సిన మైల సంగతేమిటని అడిగాను. పంతులుగారిని అప్పటికే కనుక్కున్నాడు. "తెలిస్తేనే మైల. తెలీనంతకాలం ఏ దోషమూ లేదంట" అన్నాడు.

మా ఇళ్లల్లో చావు కబురు ఎవరికీ ఎవరూ నేరుగా చెప్పరు. సీరియస్‌గా ఉంది, ఓసారి వచ్చి చూసి వెళ్లు అంటారు. నాన్న పోయినప్పుడు నాకూ అలాగే చెప్పారు. ఆక్లండ్‌లో విమానం ఎక్కినప్పటి నుంచి నేను ఏ డాక్టర్‌కి చూపించాలి, హైదరాబాదు తీసుకెళ్లాలా, ఇక్కడి సెలవు ఎన్నాళ్లు పొడిగించుకోవచ్చు అని లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. గన్నవరంలో దిగాక నా బ్యాగు అందుకున్న బాబాయి కొడుకు నా ముఖం వైపు చూడలేదు. అప్పుడు తెలిసింది. వాళ్లందరి మీదా చాలా కాలం కోపం పోలేదు. మరి నా వంతు వచ్చేసరికి ఏం చేశానంటే, అన్నయ్య చెప్పినదానికి సరేనన్నాను. చెప్పకుండా ఉండటం చెప్పడం కంటే సులువు. ప్రేమ వల్లే దాచామని అందరం అనుకుంటాం. అందులో సగం పిరికితనమని ఎవరమూ ఒప్పుకోం.

ఆ వారం ఎలా గడిచిందో దేవుడికే తెలియాలి. అమ్మ రోజూ పొద్దున్నే తలుపుల అలమరలోని దేవుడి ముందు దీపం పెట్టి, అందరి పేర్లూ చదివి, తమ్ముడి షుగర్ అదుపులో ఉంచమని దండం పెట్టేది. నేను వంటింట్లో నిలబడి కుక్కర్ విజిల్స్ వింటున్నట్టు నటించేదాన్ని. సాయంత్రం టీ వేళకు తమ్ముడితో వాట్సాప్‌లో మాట్లాడటం ఆవిడకు ఏళ్ల అలవాటు. మావయ్య ఫోన్ పోయిందని ఒక రోజు నేనూ మా ఆయనా చెప్పాం. మర్నాడు అన్నయ్య ఇంకో మెట్టెక్కి, మావయ్యా అత్తయ్యా కాశీ టూర్‌కి వెళ్లారని చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అబద్ధం ఆడటానికైనా ఇంకో ఊరు దొరకలేదా? అమ్మ మాత్రం, నాతో ఒక్క మాటైనా అనకుండా కాశీ వెళ్తాడా వెధవ అని కాసేపు అలిగి, పోన్లే పుణ్యం అని తనే సర్దుకుంది.

అంతకు ముందు, మావయ్య పోయిన మర్నాడే, ఆదివారం నాడు, ఆక్లండ్‌లో మనవాళ్ల షాపులుండే పాపటోయిటోయి తీసుకెళ్లమంది. మావయ్యకు షష్ఠిపూర్తి దగ్గర పడుతోందని, తన ఆపరేషన్‌కి ముందే పంచెల చాపు కొని ఉంచాలని ఆవిడ పట్టుదల. గంటన్నర డ్రైవ్. దారిపొడవునా వాడు చిన్నప్పుడు ఎంత అల్లరి చేసేవాడో చెప్పింది. షాపు నడిపే ఫీజీ ఇండియన్ ఆవిడ నాలుగు రకాలు తీసి పరిచింది. అమ్మ ఒక్కొక్క అంచునూ వేలితో రాసి చూసి, వాడికి జరీ పట్టీ వెడల్పుగా ఉంటే నచ్చదు అంటూ సన్న అంచుది ఎంచుకుంది. డబ్బు నేను కట్టాను. నిన్ననే పోయిన మనిషికి కొత్త బట్టలు కొని కవర్లో పెట్టించుకుని వచ్చాను.

నాకు ఏడవడానికి ఇంట్లో చోటు లేదు. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు సూపర్‌మార్కెట్ కార్ పార్కింగ్‌లో బండి ఆపి ఏడ్చి, ముఖం తుడుచుకుని, పాలూ పెరుగూ కొనుక్కుని ఇంటికి వచ్చేదాన్ని. ఎక్కడికి వెళ్లాలన్నా కారెక్కాల్సిన ఊరు ఇది. ఇక్కడ అందరూ కార్లలోనే ఏడుస్తారేమో అనిపించింది.

ఇక పక్కింటావిడ. తొంభై దాటాయి, ఒంటరిగా ఉంటుంది, ఈ మధ్య చూపు దాదాపు పోయింది. మేము ఇల్లు కొనుక్కున్న కొత్తలో మొదట పలకరించింది ఆవిడే. ఇక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాక ఆంటీ అన్నాను. మొదట వింతగా చూసింది గానీ, తర్వాత తన ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేటప్పుడు కూడా "మీ ఆంటీని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది. శనివారాలు వెళ్లి ఒక గంట కూర్చుంటాను.

ఆవిడ తండ్రి ఒకప్పుడు ఊళ్లోని హాల్‌లో మూకీ సినిమాలకు పియానో వాయించేవాడట. గుర్రాలు పరిగెడితే వేగంగా, ఎవరైనా చనిపోతే నెమ్మదిగా, ముద్దు సన్నివేశానికి ఇంకోలా. ఊరంతా ఆయన వాయిద్యం మీద ఏడ్చేవారట, నవ్వేవారట. అంతలో మాట్లాడే సినిమాలు వచ్చాయి. ఆ హాల్‌కి మొట్టమొదట వచ్చిన మాట్లాడే బొమ్మ ఒక నాసిరకం కౌబాయ్ సినిమా. తక్కువ డబ్బుతో, వారం పది రోజుల్లో చుట్టేసిన రకం. దాంతో ఆయన పని పోయింది. ఆ తర్వాత పాల ఫ్యాక్టరీలో చేరి డబ్బాలు మోసి బతికాడు. ఇంట్లో పియానో మూత మళ్లీ తెరవలేదట. కానీ ఆ సినిమాను మాత్రం జన్మంతా తిట్టాడు. అందులో మనుషుల కంటే గుర్రాలే నయం, సంగీతం ఉండాల్సిన చోట ఏమీ లేదు, వట్టి బరబర చప్పుడు అనేవాడట. ఆవిడ అప్పటికి పుట్టనే లేదు. తండ్రి పొట్ట కొట్టిన ఆ సినిమా ఎలా ఉంటుందో ఒక్కసారి తెలుసుకోవాలని ఎప్పటి నుంచో ఉంది. మనవరాలు ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుని, టీవీలో పెట్టి ఇచ్చి వెళ్లింది. తీరా చూద్దామంటే కళ్లు లేవు. మాటలు వినబడతాయి గానీ, మాటలు లేని చోట ఏం జరుగుతోందో నన్ను చెప్పమంది.

అమ్మను ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్లలేను. ఏ చుట్టమో పరామర్శకని నేరుగా ఆవిడకే ఫోన్ చేస్తే? అందుకని తనను కూడా తీసుకెళ్లాను. ఫోన్ ఛార్జింగ్‌లో ఉందని చెప్పి ఇంట్లోనే ఉంచేశాను. అమ్మ ఉత్సాహంగా వచ్చింది. సినిమా చూడటం కంటే చూసొచ్చిన సినిమా చెప్పడం మా అమ్మకు ఇష్టం. నా చిన్నప్పుడు మ్యాట్నీ చూసి వచ్చి వీధిలో ఆడవాళ్లందరినీ పోగేసి చెబితే, సినిమా కంటే కథ ఎక్కువసేపు నడిచేది. ఇవాళ నువ్వు చెప్తావా, సరే చూద్దాం, అని నన్ను ఆటపట్టించింది.

చలికి హీట్ పంప్ వేసుకుని, దుప్పట్లు కాళ్ల మీద కప్పుకుని ముగ్గురం కూర్చున్నాం. సినిమా మొత్తం గంట కూడా లేదు. తెల్లటి మచ్చలు, గీతలు, వర్షం కురుస్తున్నట్టు తెర. కథ పెద్దగా లేదు. తల్లీతండ్రీ లేని ఒక అక్కా తమ్ముడూ, వాళ్ల పశువులు, పశువుల దొంగలు, తెల్ల టోపీ పెట్టుకుని ఎక్కడి నుంచో వచ్చిన ఒక మంచివాడు. మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా అందరూ ఒక బల్ల చుట్టూ చేరేవారు. మైకు ఆ బల్ల మీది పూలకుండీలో దాచి ఉంటుందని ఆంటీ చెప్పింది, వాళ్ల నాన్న చెప్పిన మాటే. నిజమే, ఎంత కోపం వచ్చినా ఎవరూ ఆ కుండీని వదిలి దూరంగా పోలేదు. ఒకడైతే పూలతోనే పోట్లాడుతున్నట్టున్నాడు. అమ్మ పకపకా నవ్వింది. ఆవిడ నవ్వి ఎన్నాళ్లయిందో అనుకున్నాను.

బయటి సీన్లలో మాటల్లేవు. గుర్రాలు పరిగెడతాయి, ఒకే బండరాయి పక్క నుంచి మూడుసార్లు వెళ్తాయి. నేను ఇంగ్లిష్‌లో చెబుతున్నాను: ఇప్పుడు దొంగలు కొండ దిగుతున్నారు, ఇప్పుడు ఆ కుర్రాడు ఒక్కడే వాళ్ల వెంట పడ్డాడు, తుపాకీ తీశాడు. నేను చెబుతుంటే ఆంటీ వేళ్లు దుప్పటి మీద చిన్నగా కదులుతూనే ఉన్నాయి. ఇక్కడ మా నాన్నైతే ఇలా వాయించేవాడు అంది ఒకసారి. తుపాకీ పేలింది. అది మాత్రం అందరికీ వినబడింది.

తర్వాతి సీను ఇంటి ముందు గేటు దగ్గర. అక్క నిలబడి ఉంది. తెల్ల టోపీవాడు గుర్రాన్ని నడిపించుకుంటూ వస్తున్నాడు, తను ఎక్కలేదు. జీను మీద అడ్డంగా ఆ కుర్రాడు, చేతులు ఒకవైపు, కాళ్లు ఒకవైపు వేలాడుతూ. ఆ అమ్మాయి పరిగెత్తలేదు. గేటు పట్టుకుని చూస్తోంది. మాట లేదు, సంగీతం లేదు. ఆ పాత ఫిల్ము బరబర తప్ప ఏమీ లేదు. అంత చెత్త సినిమాలో ఆ ఒక్క నిమిషం ఎవరికీ తెలియకుండా నిజమైపోయింది.

"ఏమైంది?" అని ఆంటీ అడిగింది.

నా పక్కన అమ్మ ఉంది. కుర్రాడికి గాయమైందని చెప్పాను. గుర్రం మీద తీసుకొచ్చారని, కళ్లు తెరిచి అక్క వైపు చూస్తున్నాడని, ఇంట్లోకి మోసుకెళ్తున్నారని, ఫరవాలేదని చెప్పాను. తెర మీద వాళ్లు అతణ్ని దింపి నేల మీద పడుకోబెట్టి, ముఖం మీద టోపీ కప్పుతున్నారు. నేను నా మాటల్లో అతనికి నీళ్లు తాగించాను. చెబుతూ చెబుతూ ఉంటే ఎంత సాఫీగా వచ్చిందో, ఆ వారమంతా నేర్చుకున్న విద్య.

ఆంటీ కాసేపు విన్నది. ఆ తర్వాత తల అడ్డంగా ఊపింది. ఇంతసేపూ ఈ సినిమాలో మైకు దొరికిన ప్రతివాడూ మాట్లాడుతూనే ఉన్నాడు, వాడు బతికే ఉంటే ఇంతసేపు ఊరుకోడు అంది. "నాకోసం దాన్ని మెత్తగా చెయ్యకు. అక్కడేముందో అది చెప్పు, చాలు." కోపంగా అనలేదు. గ్లాసు నీళ్లు ఇమ్మన్నంత మామూలుగా అంది.

అప్పుడు అమ్మ తెలుగులో, తన మామూలు గొంతుతో అంది.

"పోయాడని చెప్పవే ఆవిడకి. కళ్లు లేనావిడకి అబద్ధం చెప్పటమేంటి."

అమ్మకు ఇంగ్లిష్ ఎంత వచ్చో నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇక్కడ డైరీ అనే చిల్లర కొట్టులో బేరమాడేంత, బస్సు డ్రైవర్‌కి థాంక్స్ చెప్పేంత అనుకున్నాను. నేను చెప్పింది పూర్తిగా అర్థమైందని అప్పుడే తెలిసింది. రిమోట్ తీసుకుని సినిమా ఆపాను. ఆ అమ్మాయి గేటు దగ్గరే ఆగిపోయింది.

"నాక్కూడా ఇలాగే చెప్తన్నారా?" అంది అమ్మ.

ఏం చెప్తున్నామని అడిగాను. అది ఎంత చచ్చు ప్రశ్నో అడుగుతున్నప్పుడే తెలుసు.

నువ్వు శనివారం నుంచి దేవుడి దగ్గరికి రావట్లేదు, మీ ఆయన నా వైపు చూసి మాట్లాడట్లేదు, మీ అన్నయ్య రెండు మాటలు మాట్లాడి ఏదో పనుందని పెట్టేస్తున్నాడు, వాడు నాకు చెప్పకుండా వీధి చివరి కొట్టుకి కూడా వెళ్లడు, కాశీ ఎలా వెళ్తాడు, అని ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. నన్ను నిలదీస్తున్నట్టు లేదు. తనకు తనే చెప్పుకుంటున్నట్టుంది. మరి నన్నెందుకు అడగలేదని అన్నాను.

"అడిగితే చెప్పేస్తారేమోనని భయమేసింది."

నేను అమ్మ కాళ్ల దగ్గర కార్పెట్ మీద కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. సీరియస్‌గా ఉందని చెబుదామా అని ఆ క్షణంలో కూడా ఒకసారి అనిపించింది, అబద్ధం ఎందుకు ఆడాలి. అలవాటు అంత లోతుగా ఉంటుంది. కానీ అమ్మ కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి.

"మావయ్య పోయాడమ్మా. పోయిన శనివారం. పొద్దున్నే. బాధ పడలేదంట, వెంటనే పోయాడంట."

అమ్మ చేతి మీద నా వేళ్లు నాడి వెతుక్కుంటున్నాయి. పక్క కుర్చీలో ఆంటీ ఏమైందని ఇంగ్లిష్‌లో నెమ్మదిగా అడిగింది. అమ్మ తమ్ముడు చనిపోయాడని, మేము దాచామని చెప్పాను. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

తలకొరివి ఎవరు పెట్టారని అమ్మ అడిగింది. పెద్దబ్బాయే పెట్టాడన్నాను. అత్తయ్య ఎలా ఉందని అడిగింది. తెలియదన్నాను, నిజంగానే తెలియదు, అత్తయ్యతో మాట్లాడే ధైర్యం నాకూ లేకపోయింది. పదో రోజు ఎప్పుడని అడిగింది. ఎల్లుండి అన్నాను.

"ఎప్పుడు చెబుదామనుకున్నారు నాకు?"

ఆపరేషన్ అయ్యాక అన్నాను. బీపీ గురించి చెప్పాను, తారీఖు మళ్లీ దొరకడం గురించి చెప్పాను, అన్నయ్య ఎంత భయపడ్డాడో చెప్పాను. అన్నీ నిజాలే. అమ్మ అన్నీ విన్నది.

మా వైపు పోయినవాళ్ల కోసం పదో రోజు వరకే ఏడవాలంటారు. ఆ రోజున ఆడవాళ్లంతా చేరి తనివితీరా ఏడుస్తారు. ఆ తర్వాత ఏడిస్తే వెళ్లే మనిషికి కాళ్లకు అడ్డం పడ్డట్టని నమ్మకం. అమ్మ నమ్ముతుంది. నాన్నకు అలాగే ఏడ్చింది, పదకొండో రోజు నుంచి మా ఎదుట ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు.

"అప్పటికి పదో రోజు దాటిపోయేదిగా" అంది. "మరి నన్నెప్పుడు ఏడవమన్నారే?"

మేము డాక్టర్ గురించి ఆలోచించాం, టికెట్ల గురించి ఆలోచించాం, పంతులుగారిని కూడా అడిగాం. దీని గురించి ఎవరమూ ఆలోచించలేదు. తర్వాత ఆపరేషన్ రెండు వారాలు వాయిదా పడింది, ఆ పైన సవ్యంగానే జరిగింది.

అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. ఇక్కడివాళ్లు ఏడ్చినట్టు కాదు. గొంతెత్తి, ఒక్కొక్క మాటా చెప్పుకుంటూ, మావాళ్లు శోకం పెట్టినట్టే పెట్టింది. నా చెయ్యి పట్టుకుని బడికొచ్చినవాడివిరా, నేను కాపరానికి వెళ్తుంటే బండి వెనక పరిగెత్తినవాడివిరా, అక్కకు చెప్పకుండా ఎలా పోయావురా, అని. ఆ మాటల్లో చాలా సంగతులు నేను ఎప్పుడూ వినలేదు. ఆ గొంతుకు కిటికీ అద్దాలు అదురుతాయేమో అనిపించింది. ఎదురింటివాళ్లు ఏమనుకుంటారోనన్న ఆలోచన వచ్చి, దానికి నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆంటీ లేచి, కుర్చీ అంచు, బల్ల అంచు తడుముకుంటూ వచ్చి అమ్మ పక్కన సోఫాలో కూర్చుంది. ఒక్క ముక్క కూడా అర్థం కాని ఆ ఏడుపును తల వంచుకుని చివరిదాకా విన్నది. నేను ఊరుకో అమ్మా అనబోయాను. పెదవుల దాకా వచ్చింది. అనలేదు.